ఖురాన్ మననం, మనశ్శాంతి: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఖురాన్ విషయంలో తెలుగులో మనం ‘చదవడం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఇస్లామీయ సంప్రదాయంలో ఆ పనికి కనీసం మూడు పేర్లున్నాయి. తిలావత్ అంటే ఉచ్చారణ నియమాలు పాటిస్తూ గొంతెత్తి పఠించడం. తఫక్కుర్ అంటే ఆలోచించడం. ఇది గ్రంథం మీదే సాగనక్కరలేదు. వాన మీద, మొలకెత్తే గింజ మీద, తన పుట్టుక మీద కూడా సాగవచ్చు. మూడోది తదబ్బుర్. దీని ధాతువుకు వెనుక, చివర అనే అర్థాలున్నాయి. ఒక మాటను పట్టుకుని, అది చివరికి ఎక్కడికి తీసుకుపోతుందో దాని వెనకాలే నడిచి చూడటం తదబ్బుర్. ఈ గ్రంథం దిగిందే దాని వాక్యాలను అలా పరిశీలించడానికని 38వ అధ్యాయం 29వ వాక్యం చెబుతుంది. పరిశీలించనివారి హృదయాలకు తాళాలు పడ్డాయా అన్న అర్థంలో 47వ అధ్యాయం 24వ వాక్యం నిలదీస్తుంది.

ఈ మూడోదానికి మనం ‘మననం’ అనే మాట వాడుకుందాం. శ్రవణ, మనన, నిదిధ్యాసనాల వరుసలో ఉపనిషత్తుల నుంచి వచ్చిన మాట ఇది. విన్నదాన్ని బుద్ధితో తిరగేసి చూసుకోవడం అనే అర్థంలో తదబ్బుర్‌కు దగ్గరగా ఉంటుంది. పూర్తి సమానార్థకం మాత్రం కాదు. వేదాంత మననం సందేహ నివృత్తి కోసం సాగుతుంది. ఖురాన్ మననం చివర ‘నేనిప్పుడు ఏం చేయాలి’ అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఖురాన్ మననం వల్ల మానసిక ఆరోగ్యం, ఆత్మిక బలం కలుగుతాయని నేడు చాలా పుస్తకాలు, ప్రసంగాలు చెబుతున్నాయి. ఆ మాటను ఏ అర్థంలో ఒప్పుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ భాగంలో మన ప్రశ్న. మీలో ముస్లిం విద్యార్థులూ ఉంటారు, కానివారూ ఉంటారు. విశ్వాసం గురించి ఇక్కడ ఎవరినీ ఏమీ అడగడం లేదు. పాఠాన్ని దగ్గరగా చదవమని మాత్రమే అడుగుతున్నాను.

మూడు భాషల నడుమ

కృష్ణా డెల్టాకు ఇస్లాంతో ఉన్న సంబంధం కొత్తది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం వారి ప్రధాన రేవు. పర్షియా వర్తకులు అక్కడ దిగేవారు. మక్కా యాత్రకు వెళ్లేవారు అక్కడ ఓడ ఎక్కేవారు. బందరు కలంకారీలోని తీగలు, పూలు, సైప్రస్ చెట్టు ఆకారాలు ఆ రాకపోకల గుర్తులే. ఇంత పాత పరిచయం ఉన్నా, ఖురాన్ అర్థం తెలుగు పాఠకుడి చేతికి రావడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది.

ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకుడిగా చిలుకూరి నారాయణరావు గారి పేరు చెబుతారు. ‘ఆంధ్రభాషా చరిత్రము’ రాసిన భాషావేత్త ఆయనే. అనంతపురం దత్తమండల కళాశాలలో పనిచేశారు. ముస్లిం కాని ఒక తెలుగు పండితుడు ఈ పనికి పూనుకోవడం మన సాహిత్య చరిత్రలో చిన్న విషయం కాదు. పాఠ్యపుస్తకాలలో దీనికి రావలసినంత చోటు రాలేదనే నా అభిప్రాయం. ఆ తరువాత ముస్లిం పండితులు చేసిన అనువాదాలు పలు వచ్చాయి. నేడు తెలుగులో ఒకటికి రెండు దొరుకుతాయి.

ఇప్పుడు విజయవాడలోనో గుడివాడలోనో ఒక ముస్లిం పిల్లవాడి పరిస్థితి ఊహించండి. మసీదులో అరబ్బీ అక్షరాలు నేర్చుకుని ఖురాన్‌ను తప్పులేకుండా పఠిస్తాడు. చాలాచోట్ల ప్రసంగం ఉర్దూలో వింటాడు. బడి తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో ఇంటి భాష కూడా తెలుగే. అంటే అతడు పఠించే భాష ఒకటి, వ్యాఖ్యానం వినే భాష ఒకటి, బాధ కలిగినప్పుడు లోపల మాట్లాడుకునే భాష మరొకటి. మననం జరగవలసింది ఆ మూడో భాషలో. కాబట్టి మన ప్రాంతంలో ఖురాన్ మననం అనే ప్రశ్న, సగానికి సగం, అనువాద ప్రశ్న.

ఒక ఉదాహరణ చూడండి. 94వ అధ్యాయంలో కష్టం, తేలిక అనే రెంటినీ కలిపి చెప్పే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. దాన్ని చాలామంది ‘కష్టం తరువాత సుఖం’ అని చెప్పేస్తారు. మూలంలో ఉన్నది ‘మఅ’ అనే మాట. దానికి ‘తోపాటు’ అని అర్థం, ‘తరువాత’ అని కాదు. ఈ చిన్న మాట తేడా ఎంతటిదో ఆలోచించండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంట్లో నడుములోతు నీళ్లున్న మనిషితో ‘తరువాత అంతా బాగుంటుంది’ అంటే అది వాగ్దానం, ఆ క్షణంలో నమ్మడం కష్టం. ‘ఈ కష్టంలోనే, దీనితోపాటే, కొంచెం తేలిక కూడా ఉంది, చూడు’ అంటే అతడి చూపు చుట్టూ తిరుగుతుంది: పడవలో అన్నం పొట్లం తెచ్చినవాడు కనిపిస్తాడు, మేడ మీద చోటిచ్చిన పొరుగువారు కనిపిస్తారు. ‘కష్టసుఖాలు కావడి కుండలు’ అనే మన సామెత ఈ వాక్యానికి ఎంతో దగ్గరిది. కావడిలో కుండలు ఒకదాని తరువాత ఒకటి రావు, రెండూ ఒకే భుజం మీద ఉంటాయి.

మరో మాట. 13వ అధ్యాయం 28వ వాక్యం దైవస్మరణతో హృదయాలకు కలిగే స్థితిని చెబుతుంది. మూలంలోని క్రియకు మూలం ‘ఇత్మినాన్’. దీన్ని ‘శాంతి’, ‘తృప్తి’, ‘నెమ్మది’ అని తెలుగు చేస్తారు. అదే ధాతువు నుంచి వచ్చిన మాటను అరబ్బీలో పల్లపు నేలకు కూడా వాడతారు. ఎగుడుదిగుడులు లేకుండా కుదురుకున్న నేల అని భావం. తెలుగులో నాకు దగ్గరగా తోచే మాట ‘తేరుకోవడం’. వరద నీరు కుండలో పట్టి, లోపలి అంచుకు ఇండుపగింజ అరగదీసి, కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగి నీరు తేరుతుంది. దెబ్బతిన్న మనిషిని కూడా ‘తేరుకున్నాడు’ అనే అంటాం. మట్టి ఎక్కడికీ పోలేదు, కుండలోనే ఉంది. అయినా నీరు తాగడానికి పనికొస్తుంది. మనశ్శాంతి గురించి ఇంతకన్నా నిజాయితీగల వర్ణన నాకు కనబడలేదు. ఏ అనువాదకుడైనా ఈ మాట వాడితే బాగుండేదనిపిస్తుంది.

‘తఖ్వా’ను తెలుగు అనువాదాలు తరచుగా ‘భయభక్తులు’ అంటాయి. వినసొంపైన జంటపదమే. కాని ఆ అరబ్బీ ధాతువుకు కాపాడుకోవడం, జాగ్రత్తపడటం అని అర్థం. ‘భయం’ ముందు నిలిచిన అనువాదం, అప్పటికే ఆందోళనతో ఉన్న పాఠకుడి మీద ఎలాంటి ప్రభావం చూపుతుందో మీరే ఊహించండి.

గజాలీ చెప్పిన లోపలి నియమాలు

మననాన్ని ఒక పద్ధతిగా వివరించినవారిలో అబూ హామిద్ అల్ గజాలీ (1058–1111) ముఖ్యుడు. ఆయన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఖురాన్ పఠన మర్యాదలకు ఒక పూర్తి భాగం కేటాయించాడు. శుచి, కూర్చునే తీరు, స్వరం వంటి బయటి నియమాలు పది; లోపలి నియమాలు పది. ఈ లోపలి నియమాలలో రెండింటిని మాత్రం ఇక్కడ పట్టుకుందాం.

మొదటిది, అర్థానికి అడ్డుపడేవాటిని తొలగించుకోవడం. ఆ అడ్డంకులలో గజాలీ ముందుగా చెప్పేది ఆశ్చర్యకరంగా ఉంటుంది: అక్షరాల ఉచ్చారణ మీద విపరీతమైన ధ్యాస. అక్షరం సరిగా పలికానా లేదా అని మళ్లీ మళ్లీ తడుముకునేవాడికి అర్థం ఎప్పటికీ అందదని, అది సైతాను పెట్టిన పని అని ఆయన అంటాడు. తన మతసమాజంలో ఎంతో గౌరవం ఉన్న ఒక విద్యను పండితుడే ఇలా విమర్శించడం గమనించండి.

రెండోది తఖ్‌సీస్. అంటే గ్రంథంలోని ప్రతి మాటా తనను ఉద్దేశించే చెప్పినట్టు తీసుకోవడం. పాత ప్రవక్తల కథ వస్తే అది కాలక్షేపానికి చెప్పిన కథ అనుకోకుండా, అందులో తనకున్న భాగమేమిటని వెతకడం. ఇప్పటి సాహిత్య విమర్శ భాషలో చెప్పాలంటే, పాఠకుడు పాఠంలో సంబోధితుడి స్థానంలోకి వెళ్లి నిలబడటం.

గజాలీకి ఇది పుస్తకజ్ఞానం మాత్రమే కాదు. 1095లో, బాగ్దాదు నిజామియా విద్యాపీఠంలో పేరు ప్రతిష్ఠల శిఖరాన ఉండగా, ఆయనకు నోట మాట ఆగిపోయింది, పాఠం చెప్పలేకపోయాడు, అన్నం సహించలేదు. వైద్యులు చూసి, ఇది హృదయంలో పుట్టి శరీరానికి పాకిన బాధ అన్నారని ఆయనే తన ఆత్మకథాత్మక గ్రంథంలో రాసుకున్నాడు. తరువాత ఉద్యోగం వదిలి, బాగ్దాదు విడిచి ఏళ్ల తరబడి ఏకాంతంలోనూ ప్రయాణాల్లోనూ గడిపాడు. రెండు విషయాలు చూడండి. అంతటి విద్వాంసుడికి కూడా మనసు దెబ్బతింది. వైద్యులు వచ్చి చూశారు, ఆయన చూపించుకున్నాడు.

ఆధునిక వాదం: మాలిక్ బద్రీ

మన కాలంలో ఈ అంశానికి శాస్త్రీయ రూపం ఇవ్వబోయినవాడు సూడాన్‌కు చెందిన మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ (1932–2021). తఫక్కుర్ మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఇంగ్లీషులో 2000లో వచ్చింది. ఆయన వాదం ఇలా నడుస్తుంది. ఒకప్పటి ప్రవర్తనావాదం మనిషి లోపలి ఆలోచనను పక్కన పెట్టింది. తరువాత వచ్చిన సంజ్ఞానాత్మక చికిత్స, మన భావోద్వేగాలకు మన ఆలోచనలే మూలమని మళ్లీ చూపించింది. అలాగైతే ఆలోచనను పదేపదే ఒక ఉన్నతమైన దిశలో నడిపే తఫక్కుర్, భావోద్వేగాలను, చివరికి అలవాట్లను మార్చగలదు. ఆ మార్గంలో నాలుగు మెట్లున్నాయంటాడు: కంటితో చూడటం, చూసినదాని అందానికి స్పందించడం, ఆ అందాన్ని సృష్టికర్తతో ముడిపెట్టడం, చివరికి అది నిలకడైన ఆత్మానుభవంగా మారడం.

ఈ వాదంలో బలం ఉంది. ముఖ్యంగా, ధ్యానమంటే మనసును ఖాళీ చేయడమేనన్న ప్రచారానికి ఎదురుగా, మనసును అర్థంతో నింపే ధ్యానం కూడా ఒకటుందని ఆయన చూపిస్తాడు. తొమ్మిది, పది శతాబ్దాలనాటి అబూ జైద్ అల్ బల్ఖీని (మరణం 934) నేటి పాఠకులకు మళ్లీ పరిచయం చేసింది కూడా బద్రీయే. దేహానికి, మనసుకు సంబంధించిన ఆరోగ్యం మీద బల్ఖీ రాసిన గ్రంథంలో కోపం, భయం, విషాదం, పీడించే ఆలోచనలు వేరువేరుగా వివరించి ఉంటాయి. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా దేహంలోంచి పుట్టే దుఃఖం వేరు అని ఆయన ఆనాడే విడదీశాడు. రెండో దానికి దేహానికే చికిత్స కావాలన్నాడు.

బద్రీ బలహీనత మరోచోట ఉంది. తఫక్కుర్ ఇతర ధ్యాన పద్ధతుల కన్నా మిన్న అని చెప్పేటప్పుడు, విశ్వాసం నుంచి వచ్చిన నిర్ణయాన్ని ప్రయోగం నుంచి వచ్చిన నిర్ణయంలాగా రాస్తాడు. విశ్వాసికి ఆ మాట చెప్పే హక్కుంది. శాస్త్రవేత్తగా చెప్పాలంటే పోల్చి చూపాలి. ఉదాహరణకు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఇటలీకి చెందిన బెర్నార్డి, ఆయన సహచరులు 23 మంది చేత లాటిన్ జపమాల ప్రార్థనను, ఒక సంస్కృత మంత్రాన్ని పలికించి చూశారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఇంచుమించు ఆరుసార్లకు తగ్గింది. గుండె లయ కుదుటపడింది. అంటే నిదానమైన, లయబద్ధమైన పఠనం ఏ మతానిదైనా దేహాన్ని కొంత శాంతపరచగలదు. ఖురాన్‌ను నిదానంగా, ఆగి ఆగి పఠించమని 73వ అధ్యాయం చెప్పే తర్తీల్ పద్ధతికి కూడా ఇలాంటి ఫలితమే ఉంటుందని అనుకోవడం సమంజసమే. అయితే ఆ ఫలితం శ్వాసకు చెందినది. అర్థానికి చెందిన ఫలితం ఏమిటో తెలియాలంటే పాఠంలోకే వెళ్లాలి.

93వ అధ్యాయం: ఐదో వాక్యం దగ్గర ఆగిపోవద్దు

ఖురాన్‌లోని 114 అధ్యాయాలలో మానసిక సాంత్వన కోసం ఎక్కువగా చెప్పుకునేవాటిలో 93వది ఒకటి. పదకొండు చిన్న వాక్యాలు. ప్రవక్తకు దివ్యవాణి కొంతకాలం ఆగిపోయి, ఆయన కలత చెందినప్పుడు ఇది అవతరించిందని సంప్రదాయం చెబుతుంది. దీని నిర్మాణం చూడండి.

పొద్దెక్కిన వెలుగు మీద, నిశ్శబ్దమైన రాత్రి మీద ప్రమాణంతో మొదలవుతుంది. నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదు అన్న ఊరట మూడో వాక్యంలో వస్తుంది. రాబోయేది మేలైనదన్న ఆశ నాలుగు, ఐదు వాక్యాలలో ఉంటుంది. గోడలకు తగిలించే పటాలు, సెల్‌ఫోన్లలో తిరిగే బొమ్మలు దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాయి.

పాఠం మాత్రం ఆగదు. ఆరు, ఏడు, ఎనిమిది వాక్యాలలో స్వరం మారి ప్రశ్నలాగా వస్తుంది. నువ్వు అనాథవు కాదా, ఆశ్రయం దొరకలేదా? దారి తెలియనివాడివి, దారి దొరకలేదా? లేనివాడివి, కలగలేదా? అంటే ఊరటకు ఆధారంగా పాఠం చూపిస్తున్నది వినేవాడి సొంత గతాన్నే. కుంగిపోయిన మనసు చేసే మొదటి పని మంచి జ్ఞాపకాలను కప్పేయడం. ఈ మూడు వాక్యాలు ఆ కప్పును తీస్తాయి. గజాలీ చెప్పిన తఖ్‌సీస్ పద్ధతిలో చదివే పాఠకుడు ఇక్కడ తన జీవితంలోని మూడు సంగతులు వెతుక్కోక తప్పదు.

ఆ తరువాతి మూడు వాక్యాలు ఈ మూడింటికి బదులు చెబుతాయి. అనాథను అణచవద్దు. అడిగేవాణ్ని కసరవద్దు. అందిన మేలును చెప్పుకో. తన గాయాన్ని గుర్తుచేసుకున్నవాణ్ని వెంటనే మరొకరి గాయం దగ్గరకు పంపిస్తున్నది పాఠం. మొదట్లో చెప్పుకున్న తేడా ఇదే: తదబ్బుర్ చివర ఒక పని ఉంటుంది.

ఐదో వాక్యం దగ్గర ఆగిపోయే పఠనాన్ని నేను ‘ఉపశమన పఠనం’ అంటాను. అందులో తప్పేమీ లేదు. తలనొప్పికి తైలం రాసుకోవడంలో తప్పేముంది? కాని ఈ అధ్యాయం ఇచ్చే ప్రయోజనం దానికి మించినది. మనసు తన చుట్టూ తానే తిరిగే వలయంలోంచి బయటకు రావడానికి ఇక్కడ మూడు మెట్లున్నాయి: ఊరట, జ్ఞాపకం, బాధ్యత. మానసిక ఆరోగ్యం, ఆత్మిక ఆరోగ్యం ఈ చివరి మెట్టు దగ్గర కలుస్తాయి. ఇక్కడ మనశ్శాంతి వేరుగా, సత్ప్రవర్తన వేరుగా లేవు.

హద్దులు

ఇక ప్రమాదాల సంగతి. ‘నిజమైన విశ్వాసికి కుంగుబాటు రాదు’ అనే మాట మన ఊళ్లలో, అన్ని మతాలవారి నోటా, తరచుగా వినిపిస్తుంది. ఈ మాట ఖురాన్ పాఠానికే విరుద్ధం. 12వ అధ్యాయం 84వ వాక్యంలో యాఖూబు ప్రవక్త కొడుకు కోసం దుఃఖించి కళ్లు తెల్లబారిపోయాయి. 19వ అధ్యాయం 23వ వాక్యంలో ప్రసవ వేదనలో ఉన్న మర్యమ్ ఇంతకు ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేదని అంటుంది. పాఠం ఆమెను మందలించదు. తరువాతి వాక్యాలలో ఆమెకు అందినవేమిటి? కాళ్ల దగ్గర నీటి ఊట, పండిన ఖర్జూరాలు, తిని తాగమన్న మాట, ఎవరితోనూ మాట్లాడనక్కరలేదన్న అనుమతి. బాలింతను చూడవచ్చి ఉపదేశాలు చెప్పే చుట్టాలు చదవదగిన ఘట్టం ఇది!

గజాలీ పద్ధతి కూడా అందరికీ ఒకేలా పనిచేయదు. ప్రతి మాటా నాకే అనుకునే అభ్యాసం ఆరోగ్యవంతుడికి మేలు చేస్తుంది. తీవ్రమైన అపరాధభావంతో కుంగిపోయినవాడు శిక్షల వాక్యాలను అలాగే తీసుకుంటే గాయం లోతవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ మతపరమైన ఓదార్పును రెండు రకాలుగా విడదీశాడు. దైవం తోడున్నాడన్న భావంతో కష్టాన్ని ఎదుర్కోవడం ఒకటి. దైవం తనను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అనుకోవడం రెండోది. రెండోది మానసిక ఆరోగ్యానికి చెడు చేస్తుందని పరిశోధనలు చూపుతున్నాయి. అదే గ్రంథం, అదే విశ్వాసం. పఠించే తీరుతో ఫలితం తారుమారవుతుంది. అదేపనిగా పీడించే అనుమానాలకు ఇస్లామీయ సంప్రదాయంలో వస్వాస్ అని పేరే ఉంది. అలాంటి రోగికి ఇంకా ఎక్కువ పఠించమని చెప్పడం మంట మీద నూనె పోయడమే.

10వ అధ్యాయం 57వ వాక్యం ఖురాన్‌ను ‘షిఫా’ అంటుంది, అంటే స్వస్థత. ఆ వాక్యంలోనే ఒక విశేషణం ఉంది: రొమ్ములలో ఉన్నవాటికి, అంటే హృదయంలోని రుగ్మతలకు. దీన్ని వదిలేసి అన్ని జబ్బులకూ మందు అని ప్రకటించేవారు పాఠాన్ని సగమే చదివినవారు. మందు వాడమని, మందు లేని జబ్బును దైవం దింపలేదని ప్రవక్త చెప్పినట్టు హదీసులున్నాయి. వైద్యం మాని ప్రార్థనాస్థలాలకే రోగులను అప్పగిస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో చూశాం. అక్కడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయారు; మృతులు 28 మంది. ఆ తరువాత దేశంలో చట్టం మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మీకు గాని, మీ ఇంట్లో గాని నిద్ర లేకపోవడం, చనిపోవాలన్న ఆలోచన వంటివి వారాల తరబడి ఉంటే, పారాయణం ఆపనక్కరలేదు, డాక్టరును కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

మీరు చేయవలసిన పని

93వ అధ్యాయానికి రెండు వేరు వేరు తెలుగు అనువాదాలు సంపాదించండి. గ్రంథాలయంలో దొరకవచ్చు, లేదా తెలిసిన ముస్లిం మిత్రుల ఇంట్లో అడగండి, సంతోషంగా ఇస్తారు. రోజుకు ఒక్క వాక్యం చొప్పున పదకొండు రోజులు తీసుకోండి. మూడు రోజుల కన్నా తక్కువలో ఖురాన్ మొత్తం ముగించినవాడికి అర్థం అందదని హదీసు ఉంది. పదకొండు వాక్యాలకు పదకొండు రోజులంటే మీరు మరీ నిదానస్తులేమీ కారు. ప్రతిరోజూ రెండు అనువాదాలలో తేడా వచ్చిన మాటను రాసుకోండి. ఏడో వాక్యం దగ్గర ప్రత్యేకంగా ఆగండి. అక్కడ మూలంలో ఉన్న ‘దాల్’ అనే పదానికి దారి తప్పినవాడు అనే అర్థమూ ఉంది, దారి ఎటో తెలియనివాడు అనే అర్థమూ ఉంది. సంబోధితుడు ప్రవక్త కాబట్టి అనువాదకులు ఇక్కడ ఎంతో ఆచితూచి మాట ఎంచుకుంటారు. మీ చేతిలో ఉన్న రెండు అనువాదాలూ ఏ మాట వాడాయి? ఆ మాటను మీకే అన్వయించుకుంటే, రెండు అర్థాలలో మీకు ఏది వర్తిస్తుంది? ఒక పేజీకి మించకుండా రాయండి.